మంచులో వినిపించిన ‘బ్రో’

నా సర్వీసు చివరి శీతాకాలంలో నన్ను విజయవాడ కంట్రోల్ ఆఫీసులో డెల్టా సెక్షన్‌కి వేశారు. హోదా సెక్షన్ కంట్రోలర్. ఏ రైలు ఎక్కడ ఆగాలో, ఏది ముందు పోవాలో చెప్పే ఉద్యోగం. మా గదికి కిటికీల్లేవు. బయటి ప్రపంచమంతా టెలిఫోన్ లైనులోనే. ఆ లైను మీద ఒక స్టేషను మాట్లాడితే అన్ని స్టేషన్లకూ వినిపిస్తుంది, ప్రతి మాటా రికార్డవుతుంది. స్టేషన్ మాస్టర్లలో చాలామంది మొహాలు నేను చూడలేదు. గొంతులే తెలుసు. తెల్లవారుజామున ఒక్క క్షణం కళ్లు మూసుకుంటే మినప చేలూ, కాలవలూ, ఉయ్యూరు వైపు వెళ్లే చెరకు బళ్లూ ఆ గొంతుల వెనక మెల్లగా కదులుతున్నట్టుండేది. నిజం చెప్పాలంటే ఆ ఉద్యోగంలో నాకు బాగా నచ్చింది అదే.

మా లైను మీద ఒక మర్యాద ఉంది. ఎంత చిన్నవాడైనా సరే, స్టేషన్ మాస్టర్ని ‘మాస్టారూ’ అనే పిలుస్తాం. విజయవాడ గవర్నర్‌పేటలో పుట్టి పెరిగిన చైతన్య కొత్తగా ఒక చిన్న స్టేషనుకి వచ్చి, అందరినీ ‘బ్రో’ అనడం మొదలుపెట్టాడు. పక్క స్టేషన్ మాస్టర్ పాపారావు గారు నాకంటే ముందే రిటైర్ కావలసిన పెద్దమనిషి. ఒక మంచు ఉదయం ఆయన్నీ అలాగే అన్నాడు. విన్నవాళ్లు ఊరుకుంటారా? మర్నాటి నుంచి ‘ఏం పాపారావు బ్రో, కాఫీ అయిందా’ అని లైనంతా ఆటపట్టించారు. ఆయన పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. చైతన్య ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. అమర్యాద రుజువైతే ఉద్యోగానికే ముప్పు. ఆ మాట అవమానమో కాదో రికార్డు విని చెప్పమని చీఫ్ కంట్రోలర్ నాకు అప్పగించారు.

విన్నాను. గేట్‌మన్‌ని టీ అడిగినప్పుడు ‘బ్రో’ అంటే బతిమాలడం. బండి ఆలస్యమైనప్పుడు ‘ఏంటి బ్రో ఇది’ అంటే నిష్ఠూరం. తన పొరపాటుకు తనే ‘అయ్యో బ్రో’ అనుకుంటే విచారం. ఫోను పెట్టెయ్యకుండానే, ప్లాట్‌ఫాం ఎక్కిన గేదెను కూడా ‘పక్కకి జరుగు బ్రో’ అన్నాడు. అది కదిలిందో లేదో రికార్డులో తెలియలేదు. వయసుతో, హోదాతో ఆ మాటకు పని లేదు. వింటూ వింటూ నవ్వుకున్నాను.

తర్వాత ఆ మంచు ఉదయపు రికార్డు వచ్చింది. ఆ పూట డ్యూటీ నాది కాదు. బండి స్టేషను దాటుతుంటే మాస్టరు ఆఖరి పెట్టె వెనక ఉండే గుర్తును కళ్లారా చూడాలి. పెట్టెలేవీ దారిలో విడిపోలేదని దాంతోనే తెలుస్తుంది. ఆ తర్వాతే వెనక స్టేషనుకు లైన్ క్లియర్, అంటే ఇంకో బండిని పంపమనే అనుమతి. ముందు బండి తన స్టేషన్లోకి వచ్చి ఆగినా, పాపారావు గారికి మంచులో ఆ గుర్తు కనపడలేదు. వెనక ఉన్న చైతన్య స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఆగి కూత మీద కూత వేస్తోంది. పెద్దాయన గొంతు వణుకుతోంది. అప్పుడు ఆ కుర్రాడి గొంతు నిదానంగా వచ్చింది.

“తొందరేం లేదు బ్రో. మీరు చూసి చెప్పండి. నేను లైన్లోనే ఉన్నాను.”

పాపారావు గారిని పిలిపించి అది వినిపించాను. మనిషిని చూడడం అదే మొదటిసారి. గొంతు కంటే చిన్నగా ఉన్నారు. కళ్లు మూసుకుని విని, మళ్లీ పెట్టమన్నారు.

“ఆ పూట భయపడ్డానమ్మా,” అన్నారు. “ఆ అబ్బాయి అలా అనకపోతే, చూడకుండానే క్లియర్ ఇచ్చేసేవాణ్ణేమో.”

లైన్లోవాళ్ల వెక్కిరింతల గోలలో అసలు మాట ఎలా ఉందో తనే మర్చిపోయానన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. నాకు ప్రాణం తేలికపడింది.

ఆయన రిటైరైన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం తన ఆఖరి బండికి ఆయన గొంతు వినిపించింది.

“లైన్ క్లియర్ ఇచ్చానండీ, బ్రో గారూ.”

లైను మీద ఎవరూ నవ్వలేదు. చైతన్య, “అందిందండీ, మాస్టారూ,” అన్నాడు.

ఆ తర్వాత నాకు మిగిలిన కొద్దిపాటి సర్వీసులో, ఎవరైనా ఏదో అన్నారని ఫిర్యాదు వస్తే ముందు గొంతు వినేదాన్ని. కాగితం తర్వాత చదివేదాన్ని.