పదమూడు మిరపకాయలు

ఇవాళ పొదిలిలో ఒక ప్రైవేటు స్కూలు సైన్స్ ఫెయిర్‌కి వెళ్లి ఒళ్లు మండి తిరిగొచ్చాను. సాయంత్రాలు నా దగ్గర చదువుకునే తొమ్మిదో తరగతి షబీనా డైనోసార్లు బతికిన కాలాల చార్టు చేసింది. కోటి ఏళ్లకొక ఎండుమిరపకాయ చొప్పున ట్రయాసిక్‌కి ఐదు, జురాసిక్‌కి ఆరు, క్రెటేషియస్‌కి ఎనిమిది అన్నం మెతుకులతో అంటించింది. నా దగ్గరున్న సైన్సు కరపత్రంతో ఇద్దరం లెక్క సరిచూశాం కూడా.

కరస్పాండెంటు గారు చార్టు చూసి నవ్వారు. "డైనోసార్లంటే జురాసిక్కేగా అమ్మాయ్! మిగతా రెండూ పీకెయ్. రాష్ట్ర పోటీకి గుంటూరు పంపిస్తా."

"పుస్తకం తెరిచి చూశారా అండీ ఎప్పుడైనా?" అని అరిచాను.

షబీనా నా చొక్కా పట్టి లాగింది. "ఊరుకో అన్నా, నేను గుంటూరు వెళ్లాలి" అంటూ తన చేత్తోనే ఒక్కొక్క కాయా పీకింది. మొదటి బహుమతి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక చూస్తే, పీకిన కాయలన్నీ చున్నీ కొసన మూటగట్టుకుంది.

"పారెయ్యవే!"

"అమ్మో! కాయలు తిరిగి తెమ్మంది అమ్మ, పచ్చట్లోకి."

పదమూడు కోట్ల ఏళ్లు రేపు వాళ్లింట్లో పచ్చడైపోతాయి. బడే తప్పుకి బహుమతిచ్చాక, రేపు సాయంత్రం ఆ పిల్లకి నేనేం పాఠం చెప్పాలో మీరే చెప్పండి.