మూడు నోటీసుల రూలు

ఆ నాలుగు వీధుల వాళ్లకి ఆయన వైర్ల మావయ్య. ఇరవై రెండేళ్లుగా మూడొందల పది ఇళ్లకి ఇంటర్నెట్ ఇస్తున్నాడు. మోకాళ్లు అరిగాక మెట్లెక్కడం మానేసి, కుర్చీ కదలకుండానే రిపేర్లు చేసేవాడు. అందుకని ఇంటింటి కెమెరాకీ తనే ఒకటే పాస్‌వర్డ్ పెట్టాడు. "మూడొందల తలుపులు, ఒక్క తాళంచెవి!" అని మీసం దువ్వుకునేవాడు.

దారితప్పిన నెట్‌వర్కులకి ముకుతాడు వెయ్యడానికి పైన ఒక ఆఫీసు ఉండాలని కాళ్లరిగేలా తిరిగి సంతకాలు పోగేసిందీ ఆయనే. ఎక్కడెక్కడి నెట్‌వర్కుల నుంచో వచ్చిపడే హ్యాకర్ల దాడులకి ఆయన లైన్లు ఊరికే చచ్చిపోయేవి మరి. "పక్కింటి కుక్క కరుస్తుంటే పక్కింటాయన్ని బతిమాలుకోవాలా? మూడు నోటీసులివ్వండి. పలక్కపోతే తెంపెయ్యండి!" అన్నాడు. ఆ మాటే రూలయింది.

ఆఫీసు తెరిచిన రెండో నెలలో, ఒక మంగళవారం పొద్దున, ఆయన ఇళ్లన్నిట్లో ఇంటర్నెట్ ఒక్కసారిగా ఆగిపోయింది.

వంటింట్లోంచి కూతురు కేకేసింది. "నాన్నా, పాప కెమెరా రావట్లేదు!"

ఆయన ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"మీ నెట్‌వర్క్ మేమే తెంపాం సార్."

"నన్నా? ఆ రూలు చెప్పిందే నేనమ్మా!"

"మూడు నోటీసులూ మీరిచ్చిన మెయిల్‌కే పంపాం సార్. శుక్రవారంలోగా అన్నీ శుభ్రం చెయ్యకపోతే మీ లైసెన్స్ రద్దు."

ఆ ఆఫీసులో పేరు నమోదు చేయించుకున్న రోజున పెట్టిన మెయిల్ అది. మళ్లీ తెరిచిన పాపాన పోలేదు. ఇప్పుడు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచాడు. పదకొండు రోజులుగా ఆయన నెట్‌వర్కులోని కెమెరాలు వేరే ఊళ్లో ఒక ఆసుపత్రి మీద దాడి చేస్తున్నాయట. అక్కడ రక్తపరీక్షల రిపోర్టులు డాక్టర్లకి అందడం లేదట. కింద కెమెరాల జాబితా. మొట్టమొదటిది ఆయన ఇంటిదే. మేడ మీద, ఉయ్యాల గది.

ఆ ఒక్క తాళంచెవి ఎవడో హ్యాకర్ చేతికి చిక్కింది, కెమెరాలన్నిటినీ వాడే ఆడిస్తున్నాడు.

కూతురు ఆయన భుజం మీంచి చదివింది. "అంటే పదకొండు రోజులుగా ఎవడో పాపని చూస్తున్నాడా?"

"చూశాడో లేదో తెలీదమ్మా." అన్నాడాయన. "చూడాలనుకుంటే మాత్రం చూడగలడు."

ఆయన జాబితా చివరిదాకా జరిపి చూశాడు.

"తెంపే ముందు ఒక్క ఫోన్ చేసుంటే..." అని గొణిగాడు.

"తెలియని నంబరు ఏనాడైనా ఎత్తావా నువ్వు? తెంపారు కాబట్టే తెలిసింది!"

ఆయన కుర్చీలోంచి లేచాడు. మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. పాప నిద్రపోతోంది. ఉయ్యాల పైనున్న కెమెరాని రీసెట్ చేసి, ఫోన్ కూతురి చేతికిచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"కొత్త పాస్‌వర్డ్ నువ్వే పెట్టు. నాక్కూడా చెప్పకు."

ఆమె పెట్టింది. ఆయన జాబితాలో మొదటి గీత కొట్టి, రెండో ఇంటికి బయల్దేరాడు. అది నాలుగో అంతస్తు.