బేసిల్ మావయ్య జాగ్రత్త చేసిన పతకాలు

మా బేసిల్ మావయ్య జన్మలో ఒక్క వస్తువు కూడా పోగొట్టుకోలేదు. అన్నీ జాగ్రత్త చేశాడు. ఎక్కడ జాగ్రత్త చేశాడో గుర్తుండేది కాదు, అంతే. పోయిందా అని ఎవరైనా అడిగితే మాత్రం ఎక్కడలేని పౌరుషం వచ్చేది. "పోవడమేమిటి, జాగ్రత్త చేశాను" అనేవాడు.

ట్రాక్టరు తాళంచెవి, చర్చి గంట తాడు, మా అమ్మ కట్టుడు పళ్ళ సెట్టు, అన్నీ ఆయన జాగ్రత్త చేసినవే. తన పెళ్ళి ఉంగరాన్నయితే ఒక గొర్రె మెడ కింద ఉన్నిలో ముడివేశాడు. ఆ ఏడు ఉన్ని కత్తిరించేవాడి కత్తెరకు అది తగిలింది. మూడువందల గొర్రెల్లో దీన్నే ఎందుకు నమ్మావని అత్తయ్య నిలదీస్తే, మందలో బుద్ధిమంతురాలు అదొక్కటే అన్నాడు.

అయినా ఊళ్ళో సగంమంది తమ వస్తువులు ఆయన దగ్గరే దాచేవారు. బేసిల్ దగ్గర పెడితే దొంగకు దొరకదని వాళ్ళ ధీమా. సొంతదారుకూ దొరకదన్న సంగతి తర్వాత తెలిసేది.

తాతయ్య పోయాక ఆయన ఐదు యుద్ధ పతకాలు పెద్దకొడుకని మావయ్యకే ఇచ్చారు. ఇవ్వొద్దని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. మా న్యూజిలాండ్‌లో ఏటా ఏప్రిల్ ఇరవై ఐదున, యుద్ధవీరులను తలుచుకునే ఆంజాక్ దినం నాడు, ఊరంతా కవాతు చేస్తుంది. యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళు తమ పతకాలు ఎడమ రొమ్మున పెట్టుకుంటారు. పోయినవాళ్ళ పతకాలు పిల్లలు కుడి రొమ్మున పెట్టుకుంటారు. మూడేళ్ళు మావయ్య కుడి రొమ్ము ధగధగలాడింది. నాలుగో ఏడు బోసి కోటుతో వచ్చాడు.

"ఏవిరా?" అంది అమ్మమ్మ.

"జాగ్రత్త చేశాను."

విచిత్రమేమిటంటే, తాతయ్యతోపాటు యుద్ధానికి వెళ్ళొచ్చిన ముసలి రెవీ తాత దాచమని ఇచ్చిన పతకాలను మావయ్య ఆ ఏడే వెతికి తెచ్చి ఇచ్చాడు. ఆయన జీవితంలో తనంతట తాను కనిపెట్టిన వస్తువు అదొక్కటే. మాజీ సైనికుల క్లబ్బులో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఊరివాళ్ళవి దొరుకుతాయి గానీ మనవి దొరకవని అమ్మ వారంరోజులు అన్నతో మాట్లాడలేదు.

తర్వాత ఎనిమిదేళ్ళు మాకు వెతకడమే పని. తేనెపెట్టెలు విప్పి తేనెటీగలతో కుట్టించుకున్నాం. నేలకు కొట్టిన చెక్కలు ఊడదీస్తే అమ్మ పళ్ళ సెట్టు దొరికింది. అప్పటికే ఆవిడ కొత్తది కట్టించుకుంది కాబట్టి, పాతదాన్ని జాగ్రత్త చేస్తానని మావయ్య మళ్ళీ పట్టుకుపోయాడు. మేం ఎక్కడ తవ్వితే అక్కడ ఆయన టార్చిలైటు పట్టుకుని ఓపిగ్గా నిలబడేవాడు.

ఆ పతకాలు మళ్ళీ కవాతులో చూసేదాకా చావనని అమ్మమ్మ శపథం చేసింది. అలాగైతే నేనెందుకు వెతకాలన్నాడు మావయ్య. ఈ వేళాకోళం చాలాకాలం నడిచింది. కానీ ఎనభై నాలుగో ఏట అమ్మమ్మకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కన్ను వచ్చే ఏడాదికి ఉంటుందన్న హామీ లేదన్నాడు డాక్టరు. అంటే ఆవిడ చూడాలంటే ఇక ఒక్క ఆంజాక్ దినమే ఉంది. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

పోయిన పతకాలకు బదులు కొత్తవి ఇచ్చే ఆఫీసుకు రాసి, దరఖాస్తు తెప్పించాను. ఎలా పోయాయో ప్రమాణం చేసి రాయాలి. అమ్ముకున్నా, ఇంకొకరికి ఇచ్చేసినా కొత్తవి ఇవ్వరు. ప్రమాణం చేయించే అధికారం మా ఊళ్ళో మిస్ కోర్కిల్‌ది. ఆవిడ మావయ్యకు మూడో క్లాసు టీచరు. ఆవిడ ఈలను అప్పట్లో ఈయనే జాగ్రత్త చేశాడు.

మా వంటింట్లో టీ తాగి, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పోయాయని రాసి సంతకం పెట్టమంది. మావయ్య కలం తీసుకుని, మళ్ళీ బల్లమీద పెట్టేశాడు.

"పోలేదు టీచర్."

"మరి ఎక్కడున్నాయో తెలుసా?"

"తెలుసు."

మావయ్య నోట ఆ మాట మేమెప్పుడూ వినలేదు. అమ్మ చేతిలో టీకెటిల్ అలాగే ఉండిపోయింది.

"రెవీ బాబాయ్ రొమ్ము మీద ఉన్నాయి" అన్నాడు మావయ్య.

అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. ఎనిమిదేళ్ళ కిందట రెవీ తాత ఇల్లు తగలబడింది. మనిషి బయటపడ్డాడు గానీ పతకాలు కరిగిపోయాయి. బోసి రొమ్ముతో కవాతుకు రానని ఆయన తలుపేసుకుని కూర్చున్నాడు. ఊరికే ఇస్తే పుచ్చుకునే మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో తాతయ్యా ఆయనా ఒకే ఎడారిలో, ఒకే ఇటలీలో పోరాడారు. ఇద్దరివీ అవే ఐదు పతకాలు, వాటిమీద పేర్లు చెక్కి ఉండవు. మావయ్య అవి పట్టుకెళ్ళి, అవి మంటల్లో పోలేదు బాబాయ్, ఎప్పుడో నువ్వు దాచమని నాకిచ్చావు, ఇప్పుడు దొరికాయి అన్నాడు.

"ఆ తేనెటీగలు నన్ను కుడుతుంటే లైటు పట్టుకుని చూశావేం అన్నయ్యా?" అంది అమ్మ.

"వెతకొద్దంటే అనుమానం వస్తుంది కదమ్మా."

"రెవీ నమ్మాడా?" అని అడిగింది అమ్మమ్మ.

"వెంటనే నమ్మాడు. ఇన్నాళ్ళూ ఎక్కడ తగలేశావురా వెధవా అని తిట్టాడు కూడా."

అమ్మమ్మ నవ్వింది. కుర్చీ కిర్రుమనేదాకా నవ్వింది. తర్వాత కాగితం తనవైపు లాక్కుని, భార్యను కాబట్టి నేనే అడుగుతానంది. ఎలా పోయాయి అన్నచోట ఒంటికన్నుతో కొలుచుకుంటూ పెద్ద అక్షరాలతో రాసింది: నా కొడుకు బేసిల్ జాగ్రత్త చేశాడు.

మిస్ కోర్కిల్ రెండుసార్లు చదివింది. ఇందులో అబద్ధం ఒక్క ముక్కా లేదని ముద్ర వేసింది. ఆ ఆఫీసువాళ్ళకు ఏమర్థమైందో గానీ, ఏప్రిల్ మొదటివారంలో కొత్తవి వచ్చాయి. ఆ మూడు వారాలూ అమ్మమ్మ వాటిని మావయ్య కంట పడనివ్వలేదు.

కవాతు రోజు రోడ్డు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. రెవీ తాత ఎడమ రొమ్మున ఐదు, మావయ్య కుడి రొమ్మున ఐదు, ఇద్దరూ పక్కపక్కనే నడుస్తూ వచ్చారు. ఆవిడ రెప్ప వేయకుండా చూసింది.

కవాతు అయ్యాక రెవీ తాత మా దగ్గరికొచ్చి, మావయ్య పతకాలను గోటితో తట్టి చూశాడు.

"ఆఫీసువాళ్ళు మీకేదో రేకు అంటగట్టార్రా బేసిల్. నావి చూడు, అసలు సరుకు."

అమ్మమ్మ చెయ్యి చాపి ఆయన రొమ్మును తడిమింది. ఐదింటినీ ఒక్కొక్కటే ముట్టుకుని, వంకరపోయిన రిబ్బను సరిచేసింది.

"అవును రెవీ, ఇలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతాయి? బాగా చూసుకో."

"చూసుకోక?" అన్నాడు రెవీ తాత. "మళ్ళీ మీవాడి చేతికి మాత్రం ఇవ్వను."