ఆమెన్‌కు ముందు అన్నం

అది శుక్రవారం, పగలు పదకొండున్నర. మా వసారాలో నా మనవరాలి కోసం ఉపవాస ప్రార్థన జరుగుతోంది. సరిగ్గా ఆ వేళకే ఆ పిల్ల తూలి పడబోయింది.

ముందు సంగతి చెబుతాను. దానికి పదకొండో ఏట షుగర్ వచ్చింది. నా వయసు వాళ్ళకు వచ్చే మాత్రల షుగర్ కాదు, సూది షుగర్. రోజూ పొడుచుకోవాలి, పొడుచుకున్నాక వేళకు తినాలి. తినకపోతే షుగర్ పడిపోయి మనిషి తెలివి తప్పుతుంది. మొదటిసారి నెల్లూరు ఆస్పత్రిలో చేర్చినప్పుడు నా కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చుని, బిడ్డ పాదం పట్టుకుని వదల్లేదు. వాడి ప్రేమంతా ఆనాటి నుంచి భయంగా మారింది.

పిల్ల మాత్రం చదువు వదల్లేదు. నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో, దాని చిన్నప్పటి పలక మీదే. అది దిద్దితే ఆ కింద నేను దిద్దేదాన్ని. అందుకే అది నెల్లూరులో డిగ్రీ చదువుతానంటే నా కొడుకుతో తగువు పెట్టుకుని మరీ పంపించాను. రెండేళ్ళు బాగానే సాగింది. తర్వాత ఒకరోజు కాలేజీ వరండాలో పడిపోయింది. ఆ కబురు తోటపల్లి గూడూరు దాటి మా ఊరు చేరేసరికి పిల్ల లేవలేని స్థితిలో ఉందన్నంత పెద్దదయింది.

నా కొడుకు తేల్చేశాడు. "చదువింక చాలు. ఇంటికాడుంటే నా కళ్ళ ముందుంటది. శుక్రవారం ప్రార్థన పెట్టిస్తా. అయినాక హాస్టల్ ఖాళీ చేయిస్తా."

వాడు రొయ్యల గుంటల్లో మేత చల్లే పని చేస్తాడు. పొద్దున పోతే ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. కళ్ళ ముందు ఎట్లా పెట్టుకుంటాడని అడిగాను.

గురువారం సాయంత్రం పిల్ల వచ్చింది. వెంట హాస్టల్లో తన గదిలో ఉండే స్నేహితురాలిని తెచ్చుకుంది. దొరవారిసత్రం అవతల, పులికాటు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ బిడ్డ. మా ప్రార్థనలు ఆ పిల్లకు కొత్త.

మాలో ఒక పద్ధతి ఉంది. ఉపవాస ప్రార్థన పెట్టుకున్న ఇంట్లో తెల్లవారకముందే అందరికీ సరిపడా వండి మూతలు పెట్టేస్తారు. చివరి ఆమెన్ పడేదాకా ఆ మూత ఎవరూ తీయరు. ఎవరి కోసం ప్రార్థనో వాళ్ళు అసలే తినరు. జబ్బు మనిషికి ఆ పద్ధతి వర్తించదన్న ఆలోచన మా ఎవరికీ రాలేదు.

పొద్దున పిల్ల సూది పొడుచుకుని పళ్ళెం తీసుకుంటే మా కోడలు ఆపింది. "నీ కోసరమే గదమ్మా అందరూ పస్తుండేది. నువ్వొక్కదానివే తింటే ఏం బాగుంటది? పాస్టరుగారు తొందరగా వస్తానన్నారు. కాసేపు ఓర్చుకో."

"సరేలే మా," అని పళ్ళెం పెట్టేసింది.

పాస్టరుగారు కొడవలూరులో ఎవరో పోతే సమాధి కార్యక్రమానికి వెళ్ళి, బాగా ఆలస్యంగా వచ్చారు. పాటలయ్యాయి, వాక్యమయింది. తర్వాత అందరం కళ్ళు మూసుకున్నాం. పాస్టరుగారు గొంతెత్తి ప్రార్థిస్తున్నారు, మేమంతా "అవును ప్రభువా" అంటున్నాం.

గడప దగ్గర కూర్చున్న ఆ పులికాటు పిల్ల లేచి, ఆడవాళ్ళను దాటుకుంటూ వచ్చిన చప్పుడుకు కళ్ళు తెరిచాను. నా మనవరాలు పక్కకు తూలుతోంది, పెదవి మీద చెమట. కొంగు సర్దుకోబోతే చెయ్యి వశం కావడం లేదు. ఆ పిల్ల దాని గడ్డం పట్టుకుని గ్లూకోజ్ పొడి నోట్లో పోస్తోంది. "మింగు మేయ్. నన్ను చూడు. మింగు."

పాస్టరుగారు ఆగిపోయారు. ఎదురింటి ముసలామె కసిరింది. "ఏంది పిల్లా, ఆమెన్ దాకా ఆగలేవా?"

"ఆగితే పడిపోద్ది అవ్వా."

ఎవరూ కదల్లేదు. పాస్టరుగారే అన్నారు, "అమ్మా, ముందు మూత తీసి బిడ్డకు అన్నం పెట్టండి. దేవుడేం అనుకోడు. నాక్కూడా ఆకలిగానే ఉండాది."

మా కోడలు ఏడుస్తూ కలిపి పెట్టింది. నాలుగు ముద్దలు పడ్డాక పిల్ల కళ్ళు నిలబడ్డాయి. అప్పుడు నా కొడుకు, ఎవరి మీద చూపాలో తెలియని కోపం ఆ పులికాటు పిల్ల మీద చూపాడు. "కాలేజీలో పడిపోయిన రోజు నువ్వు యాడుండావు మరి?"

"మా అన్న పెళ్ళికి మా ఊళ్ళో ఉండా అంకుల్. అందుకే ఆ తర్వాత, షుగర్ పడితే ఏం చెయ్యాల్నో రూములో అందరం నేర్చుకున్నాం. ఇప్పుడు ఎవరు లేకపోయినా ఇంకొకరుంటారు."

"క్లాసులోనో?"

"క్లాసులోనే తింటది. మా మేడం పాఠం ఆపదు, ఈమె నమలడం ఆపదు. మాకు పెట్టకుండా తింటాదని మేం తిట్టుకుంటాం. ఖోఖోకి పోయే ముందు కూడా షుగర్ చూసుకోని, తినే దిగుద్ది."

"ఖోఖోనా?" అన్నాడు నా కొడుకు.

మనవరాలు తల దించుకుంది. "కాలేజీ టీములో ఉండా నాయనా. చెప్తే ఒద్దంటావని."

"ఇక్కడెందుకు తినలేదు మరి? అడగొచ్చు గదా?"

"అక్కడైతే అడిగేదాన్నే. ఇక్కడ నా కోసమే ఇంతమంది పస్తుంటే నోరు రాలేదు."

నాకు నోరు కట్టుకోవడం చేతకాదు. "కళ్ళ ముందు పెట్టుకుంటానంటివి గదరా," అన్నాను. "నీ కళ్ళూ మూసుకోనుండాయి, నావీ మూసుకోనుండాయి. దీన్ని చూసింది ఆ పిల్లొక్కతే. అట్టాంటి వాళ్ళు ఉండే కాడికి పంపీ."

వాడు గుంటల వైపు ఒకసారి చూశాడు. అక్కడ రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు నీళ్ళలో తిరుగుతున్నాయి. తర్వాత కూతురి దగ్గరికి వచ్చి, పళ్ళెంలో మిగిలిన అన్నం చూపించి, "అది తినెయ్," అన్నాడు. ఆ వెంటనే, "సోమవారం నేనే కాలేజీ కాడ దించొస్తా. ఆ మేడానికి ఒకసారి కనపడాల," అన్నాడు.

పాస్టరుగారు ఆమెన్ అన్నారు. మేమూ అన్నాం. అప్పటికి పిల్ల రెండోసారి పెట్టించుకుంటోంది.

సాక్షులెవరని ఎవరైనా అడిగితే, ఆ రోజు అక్కడున్నది పాస్టరుగారు, మేం అమ్మగారని పిలిచే వారి భార్య, ప్రార్థనల్లో డోలు వాయించే కుర్రాడు, ఎదురింటి ముసలామె, ఆమె ఇద్దరు కోడళ్ళు, నా చెల్లెలు, నా కొడుకు, కోడలు, పులికాటు నుంచి వచ్చిన పిల్ల, నా మనవరాలు, నేను.