మాస్టారి గ్యారేజీలో మోటుపల్లి

మాస్టారు పోయారని వాళ్ళమ్మాయి, మా పక్కింటి అక్క, ఫోన్ చేసినప్పుడు నేను ఎయిర్‌పోర్ట్ దగ్గరి వేర్‌హౌస్‌లో పెట్టెలకు లేబుళ్ళు అంటిస్తున్నాను. "పొద్దున టీ అడిగారే. తెచ్చేలోపే..." అంది అక్క. ఆ తర్వాత ఫోన్లో ఇద్దరి ఏడుపూ తప్ప ఇంకేమీ లేదు.

బాపట్ల వైపు హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి, విదేశంలో మేముండే ఈ పాపటోయిటోయికి వచ్చారాయన. మా పక్కిల్లే. వచ్చిన రోజున ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ వాళ్ళు ఆయన ఆవకాయ జాడీ తీసేసుకున్నారు. "ఓడ పగిలినా సరుకు ముట్టుకోని రాజులమ్మా మనవాళ్ళు. ఇక్కడ విమానం క్షేమంగా దిగినా జాడీ పోయింది!" అని ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వేవారు.

ఆ రాజులు కాకతీయులు. శనివారం మధ్యాహ్నాలు గ్యారేజీలో ఇక్కడి తెలుగు పిల్లలకు వాళ్ళ గురించే పాఠం. చెరువులు తవ్వారు, పంటలు పెరిగాయి, పంటలతో సంతలు, సంతలతో మోటుపల్లి రేవు. పాఠానికి బల్లలు ఉండేవి కావు, సూట్‌కేసులే. వర్క్ పర్మిట్ అయిపోయి ఇండియా వెళ్ళినవాళ్ళు, సిడ్నీలో ఉద్యోగం దొరికినవాళ్ళు "మళ్ళీ వచ్చి తీసుకుంటాం మాస్టారూ" అని వదిలి వెళ్ళినవి. ఒక్కోదానికి చీటీ అంటించి, పేరు రాసి, కింద "వస్తారు" అని రాసేవారు. మూలనున్న ఎర్రది ఓరుగల్లు, తలుపు దగ్గరి నీలంది మోటుపల్లి. పిల్లలు పెన్సిళ్ళను గంధం, మిరియాలు అనుకుని ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి చేరవేసేవారు. రాజ్యం పడిపోవడం మాత్రం ఎప్పుడూ వచ్చే వారమే.

"తాతగారూ, వెన్ డజ్ ఇట్ ఫాల్?" అని మా పాప ప్రతిసారీ అడిగేది.

"పడుతుందిలే తల్లీ, తొందరేముంది!"

నా పెట్టె కూడా అక్కడ రెండేళ్ళుంది. మా పర్మిట్ పొడిగించనప్పుడు గుంటూరు వెళ్ళిపోయాం. పోయిన మా అమ్మ చీరలు అందులో ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి పెట్టె అలాగే ఉంది, పైన గుడ్డలో మూటకట్టిన కలరా ఉండలతో సహా. "లోపల వేయాల్సింది కదా మాస్టారూ" అంటే, "తెరవకుండా ఎలా వేస్తానమ్మా?" అన్నారు.

అంతటి ఉపకారం పొందిన నేనే ఓ బుద్ధితక్కువ పని చేశాను. చుట్టాలొస్తున్నారని, మా గ్రైండర్ పాడైందని, ఎవరిదో పెట్టెలోంచి గ్రైండర్ తీసుకెళ్ళి పిండి రుబ్బాను. మర్నాడు మాస్టారికి వేడివేడి ఇడ్లీలు పట్టుకెళ్ళాను.

"ఎవరి గ్రైండరమ్మా?"

మాది పాడైందని ఆయనకు తెలుసు; నేను గ్యారేజీ వైపు చూశాను. ఆయన ప్లేటు పక్కన పెట్టారు. తిట్టలేదు. "పూర్వం ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకంతా రాజుదే. మన కాకతీయ రాజు అది మానేశాడు. సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని మోటుపల్లిలో రాయి మీద చెక్కించాడు. ఆ మాట నమ్మే ఓడలొచ్చాయి" అన్నారు. ఇడ్లీ ముక్క కూడా ముట్టుకోలేదు. వారం రోజులు ఆయనకు మొహం చూపించలేకపోయాను.

పోయిన నెల మంచం పట్టాక మా పాపను ఆయనే పిలిచి చివరి పాఠం చెప్పారు. "ఢిల్లీ సైన్యం వచ్చిందమ్మా. కోట పడిపోయింది. రాజును పట్టుకుపోయారు. రేవు బోసిపోయింది." పాప కళ్ళలో నీళ్ళు. "ఏడవకు. ఇంకొన్నేళ్ళకి రెడ్డిరాజొకాయన వచ్చాడు. చుట్టమూ కాదు, వారసుడూ కాదు. అదే మోటుపల్లిలో వర్తకులకు ఆ అభయం మళ్ళీ రాయించాడు." ఇన్నాళ్ళూ దాచుకున్నది ఇదా మాస్టారూ అనిపించి, టీ నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కర్మకాండలన్నీ అయ్యాక అక్క చిన్న ఫ్లాట్‌కి మారుతోంది. పాత సామాను బయట గడ్డి మీద పెడితే మున్సిపల్ కౌన్సిల్ లారీ తీసుకెళ్ళే వారం అది. వీధంతా సోఫాలు, టీవీలు. వచ్చేపోయేవాళ్ళు కావలసినవి ఏరుకుపోతున్నారు.

"రెండు పెట్టెలు మిగిలాయే. ఆరేళ్ళయింది, ఎవరొస్తారు? అక్కడ పెట్టేద్దామా?" అంది అక్క. చోటు లేని మనిషి, ఆవిడను ఏమంటాను?

"నాకివ్వక్కా" అన్నాను.

మా గ్యారేజీలో ఉండే కారు ఇప్పుడు బయటే ఉంటోంది. తలుపు దగ్గర నీలం పెట్టె, దాని పక్కన ఇంకోటి. మాస్టారి చీటీలు అలాగే ఉన్నాయి. నిన్న కలరా ఉండలు పెడదామని వెళ్ళి చూస్తే, "వస్తారు" కింద వంకరటింకర తెలుగు అక్షరాల్లో మా ఇంటి అడ్రసు రాసి ఉంది. పాప చేతిరాత.