ఎత్తకముందే

గుణశేఖర్ ఎంపీగా గెలిచిన కొత్తలో, ఎదురుపడిన ప్రతివాడూ ఆదిమూలంతో ఒకటే మాట అన్నాడు. "ఇంగేమబ్బా, మీ సార్ పైకి పోయినాడు!" ఆ మాట చావుకబురులా ఉందని అన్నవాళ్లకు తట్టలేదు. ఆదిమూలానికి మాత్రం ప్రతిసారీ తట్టింది. ఆయన పనే చావులతో.

ఒకప్పుడు ఆయన బంగారుపాళ్యం మామిడి మండీలో కాటా దగ్గర ఉండేవాడు. కాయ తోలుకొచ్చే రైతులు, కోత కూలీలు, ట్రాక్టరు డ్రైవర్లు అందరూ పరిచయమే. ఏ పల్లెలో ఏ ఇల్లు ఎవరిదో చెప్పగలడు. గుణశేఖర్ అప్పట్లో చిత్తూరు కోర్టులో వకీలు. రిజర్వుడు సీటులో ఎమ్మెల్యేగా మొదటిసారి నిలబడ్డాడు. పల్లెల్లో ఎవరికీ ఆయన మొహం తెలియదు. ఊళ్లు తెలిసినవాడని ఆదిమూలాన్ని వెంటబెట్టుకుని ప్రచారానికి పోతే జనం కూలిపనుల్లో ఉండేవాళ్లు, ఇళ్లకు తాళాలు ఉండేవి. ఒకరోజు ఒక ఊరికి వెళ్లేసరికి అక్కడ ఒక ముసలాయన చనిపోయి ఉన్నాడు. వెంటవచ్చిన కుర్రాళ్లు జెండాలు చుట్టి వెనక్కి తిరిగారు.

"యాడికి పోతార్రా? ఊరంతా ఈడనే ఉండాది గదా" అన్నాడు ఆదిమూలం.

దండ తెప్పించాడు. గుణశేఖర్ చెప్పులు విప్పి, శవం కాళ్ల దగ్గర దండం పెట్టి, నేలమీద కూర్చున్నాడు. ఓటు మాట ఎత్తలేదు. ఫలితాలు వచ్చాక చూస్తే ఆ ఊళ్లో ఆయనకు మెజారిటీ వచ్చింది. దండ వల్లే వచ్చిందని ఆదిమూలం ఎన్నడూ అనలేదు. గుణశేఖర్ మాత్రం అలాగే నమ్మాడు.

అప్పటినుంచి అది పద్ధతి అయింది. పల్లెలో ఎవరు పోయినా కబురు ముందు ఆదిమూలానికి వచ్చేది. శవాన్ని ఎత్తకముందే ఎమ్మెల్యే అక్కడ ఉండాలి. ఎత్తాక వస్తే రానట్టే. తర్వాత పెద్దకర్మ దినానికి వచ్చి ఎంతసేపు కూర్చున్నా ఊరు దాన్ని లెక్కలోకి తీసుకోదు. నల్లద్దాలు పెట్టుకోకూడదు. ఇంటివాళ్లే "ఇంగ లెయ్యండి సార్, మీకు పనులుంటాయి" అనేదాకా లేవకూడదు. జనం ఆదిమూలానికి 'సావుల ఆదిమూలం' అని పేరు పెట్టారు. ఆయన భార్య జయంతికి ఆ పేరంటే మంట.

"నీ ఫోను మోగితే నాకు గుండె దడ. పెండ్లికి పిలిచేదానికి ఒక్కరన్నా చేస్తారేమో సూడు" అనేది.

"పెండ్లికి కార్డు ఇస్తారు గదే."

"మనకు యాడిచ్చినారు? సావులాయన ముందర నిలబడితే పెండ్లికి మంచిది కాదంట!"

ఆయన నవ్వి బండి తీసేవాడు.

గుణశేఖర్ రెండుసార్లు గెలిచాడు. రెండోసారి గెలిచాక పార్టీ పెద్దల మాట వినడం కొంత తగ్గించాడు. మూడో ఎన్నికల ముందు ఆయన్ను తిరుపతిలో ఒక హోటలుకు పిలిపించారు. కింద కారులో, స్టీరింగు ముందు ఆదిమూలం కాచుకుని ఉన్నాడు. గుణశేఖర్ వచ్చి వెనకసీట్లో కాక ముందు సీట్లో, ఆదిమూలం పక్కన కూర్చున్నాడు.

"నన్ను పార్లమెంటుకు పంపుతారంట."

"మంచిదే గదా సార్."

"మంచిదేనంటావా?"

ఆదిమూలం కారు స్టార్టు చేశాడు. ఎమ్మెల్యే సీటు నవీనకు ఇచ్చారు. ఆమె డాక్టరు, చదువుకున్న మనిషి, పార్టీ పెద్దలు చెప్పింది వింటుందని పేరు. ఇద్దరూ గెలిచారు. ఊళ్లో టపాసులు కాల్చారు. ఆ రోజు ఆదిమూలం కూడా కాల్చాడు.

మొదటి సమావేశాలకు ఢిల్లీ వెళ్లిన గుణశేఖర్ రోజూ పొద్దున్నే ఫోను చేసేవాడు. "ఏమబ్బా, ఈరోజు ఎవురూ పోలేదా?" అని అడిగేవాడు. ఫలానా ఊళ్లో ఫలానా ఆయన పోయినాడంటే, ఆయన ఎవరి తండ్రి, ఏ పార్టీ, ఎలా పోయాడు, అన్నీ అడిగి, చివరికి "నేను ఈడ కూసోని ఏం చేస్తా ఉండానో నాకే తెలీదు ఆదిమూలం. మాట్లాడేదానికి చెయ్యెత్తితే మా వంతు వచ్చేలోపల గంట కొట్టేస్తారు" అనేవాడు. కొన్ని నెలలకు రోజూ చేసే ఫోను వారానికి ఒకటి అయింది.

ఢిల్లీ దూరమనేది అసలు కష్టం కాదని తర్వాత తెలిసింది. ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీలు, ఏడుగురు ఎమ్మెల్యేలు. ఎవరి నియోజకవర్గంలో అడుగుపెట్టాలన్నా ముందు ఆ ఎమ్మెల్యేకు చెప్పాలి. ఒకసారి సొంత మనిషి ఇంట్లో చెవులు కుట్టే కార్యానికి గుణశేఖర్ చెప్పకుండా బంగారుపాళ్యం వెళ్లాడు. సాయంత్రానికి పార్టీ ఇన్‌చార్జి ఫోను చేసి, "సొంత గుంపు కడుతున్నారంట?" అని అడిగాడు. రెండుసార్లు గెలిపించిన ఊళ్లకే ఆయన చుట్టపుచూపుగా, అదీ అనుమతి తీసుకుని వెళ్లాల్సి వచ్చింది.

ఈ జూన్‌లో, తోతాపురి మామిడికాయ జోరుగా దిగుతున్న రోజుల్లో, పొద్దున్నే అమల ఫోను చేసింది. "మామా, అమ్మ పోయింది."

అమల తల్లి సంతోషమ్మది హైవేకి పక్కన రాగిమానుమిట్ట. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయ కోసే పనికి పోయేది. మొదటి ఎన్నికల్లో ఆ పల్లెలో గుణశేఖర్‌కు కూర్చోవడానికి ఎవరూ చోటివ్వకపోతే, తన ఇంటి ముందర టార్పాలిన్ పట్ట పరిచింది ఆమే. ఆ తర్వాత ప్రతి ఎన్నికకూ ముందు నడిచింది. నోరు పెద్దది. "అందరి సావులకూ పోతావు గదప్పా గుణశేఖరూ, నా సావుకు ఎగ్గొట్టేవు సూడు" అని పదిమందిలో అంది ఒకసారి. "నేను రాకుండా నిన్నెవురు ఎత్తుతారక్కా?" అన్నాడు గుణశేఖర్. అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఆ మాటను దాచుకుంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా అమలతో అదే చెప్పింది.

గుణశేఖర్ ఆరోజు తిరుపతిలోనే ఉన్నాడు, ఏదో సమీక్షకు వచ్చాడు. ఆదిమూలం ఫోను చేశాడు.

"అయ్యో, అక్క పోయిందా!" అన్నాడు గుణశేఖర్. "మధ్యాహ్నం దాటినాక వస్తా. ఎత్తొద్దని చెప్పు."

ఆదిమూలం అమలతో చెప్పాడు. "సార్ వస్తాడమ్మా. నాది పూచీ. ఎత్తొద్దండి."

అమల తమ చర్చి పాస్టరుతో చెప్పింది. పాస్టరు సరేనన్నాడు. వెంటనే మళ్లీ గుణశేఖర్ ఫోను. "నవీనకు చెప్పినావా?"

"సావుకు కూడా చెప్పల్లనా సార్?"

"చెప్పబ్బా. మళ్లా పంచాయితీ నాకొద్దు."

ఆదిమూలం నవీన పీఏ ఢిల్లీబాబుకు ఫోను చేశాడు. ఆరోజు జరిగినదంతా ఆ ఒక్క ఫోనుతోనే మొదలైందని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. అప్పటికి నవీనకు ఆ చావు సంగతే తెలియదు.

"చెప్పి మంచిపని చేసినావన్నా" అన్నాడు ఢిల్లీబాబు. "అయితే మేడం కూడా వస్తుంది. మేడం వచ్చి పోయినాక మీ సార్‌ను రమ్మను. లోకల్ ఎమ్మెల్యే ముందర గదా."

"సావులో ముందరేంది, ఎనకేంది అప్పా?"

"నన్నడిగితే నేనేం చెప్తానన్నా. పేరులో ఢిల్లీ పెట్టుకున్నంత మాత్రాన నాకు పవరుండాదా? చెప్పమన్నది చెప్తాండా."

మేడం మధ్యాహ్నం వస్తుందన్నారు. మధ్యాహ్నం రాలేదు. ఫ్యాక్టరీ గేటు నుంచి ట్రాక్టర్ల వరస రోడ్డు పొడవునా నిలబడి ఉంది. పండి పగిలిన కాయల వాసనకు ఈగలు పల్లె మీదికి ముసురుకున్నాయి. అద్దెకు తెచ్చిన ఐసుపెట్టె కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతోంది. అమల విసనకర్రతో పెట్టె మీద ఈగలు తోలుతూ కూర్చుంది. పడమటి నుంచి మబ్బు లేచింది. పాస్టరు ఒకసారి మబ్బు వంక, ఒకసారి ఆదిమూలం వంక చూశాడు.

"వాన పడితే గుంత నిండిపోతుందన్నా."

"వస్తాడు పాస్టరయ్యా."

గుణశేఖర్ అప్పటికే వచ్చేశాడు. ఊరి మలుపుకు ఇవతల, హైవే మీద టీ బంకు దగ్గర కారు ఆపుకుని, నవీన వచ్చి పోవడం కోసం చూస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా నవీన వచ్చింది. చెప్పులు బయటే విడిచి, దండ వేసి, అమల పక్కన నేలమీద కూర్చుంది. అమల చేయి తన చేతిలోకి తీసుకుంది. ఆదిమూలం తప్పు వెతికాడు గానీ ఏమీ దొరకలేదు. ఆమె లేవనూ లేదు. ఇంటివాళ్లు లెమ్మనలేదు మరి. మబ్బు నల్లబడుతుంటే పాస్టరు బైబిలు తెరిచాడు. "మేడం ఉండంగానే ప్రార్థన చేసేద్దాము."

ఆదిమూలం బండి తీసి హైవేకి పోయాడు. కారు కిటికీ దగ్గరికి వంగి, "రాండి సార్, ప్రార్థన మొదలైంది, ఎత్తేస్తారు" అన్నాడు.

"ఆమె పోయిందా?"

"లేదు. ఆడనే ఉండాది. ఉంటే ఏమి? మీరు రాండి. కారు వద్దులే, నా బండెక్కండి, అప్పట్లో తిరగలేదా?"

గుణశేఖర్ కదల్లేదు. వెనకసీట్లో దండ ఉంది, అరిటాకులో చుట్టి. "నేను ఇప్పుడు పోతే మనోళ్లు జిందాబాద్ అంటారు. ఆమె మనుషులు ఊరుకుంటారా? వాళ్లూ అరుస్తారు. శవం ముందర రెండు గుంపులబ్బా. అక్క శవం ముందర."

"నేను అరవనీను."

"నీ మాట ఎవురింటారు ఇప్పుడు?" ఆ మాట అన్నాక ఆయనే నొచ్చుకున్నట్టు తల తిప్పుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నిజం చెప్తా. భయం కూడా. మళ్లీసారి టికెట్టు ఈడ ఇస్తారో, యాడా ఇయ్యరో. పైకి పంపినోళ్లకు కిందికి తొయ్యడం ఎంత పని?"

ఆదిమూలానికి కోపం రాలేదు. రావాలనే చూశాడు. ఈ మనిషిని చెప్పులు విప్పించి నేలమీద కూర్చోబెట్టింది తనే. ఇప్పుడు కారులో జుట్టంతా నెరిసి, చొక్కా నలగకుండా కూర్చున్న ఈ మనిషిని ఎలా లేపాలో తెలియలేదు.

"నువ్వే ఏసెయ్యి. నేను పంపినానని చెప్పు" అంటూ గుణశేఖర్ దండ తీసి కిటికీలోంచి అందించాడు.

ఆదిమూలం దండను మెడలో వేసుకోలేక, హ్యాండిలుకు తగిలించలేక, ఒక చేత్తో పట్టుకుని బండి నడిపాడు. పల్లె చేరేసరికి ఎత్తేశారు. శవపెట్టె మూత బిగించి, నలుగురు భుజాన పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. చినుకులు మొదలయ్యాయి. నవీన కారు అప్పుడే కదిలి వెళ్లిపోతోంది. ఆదిమూలం బండి ఆపి, ఎదురుగా పోయి, "ఒక్క నిమిషం" అన్నాడు. మోసేవాళ్లు దించలేదు గానీ ఆగారు. ఆయన మునివేళ్ల మీద లేచి, చేయి సాచి, మూత మీద దండ వేశాడు.

వెనకే నడుస్తున్న అమల దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎవురి దండ మామా?"

దారి పొడవునా ఆయన అనుకుంటూ వచ్చిన మాట ఒకటుంది. సార్ పంపినాడమ్మా. అనబోయి ఆగాడు. ఎక్కడినుంచి పంపాడని ఆ పిల్ల అడిగితే? కళ్లెత్తి చూస్తే హైవే మలుపు కనిపిస్తూనే ఉంది.

"నాదేలేమ్మా."

"నువ్వెందుకు తెచ్చినావు మామా? నువ్వు పొద్దన్నుంచీ ఈడనే ఉండావు గదా."

ఆమె అంతకుమించి ఏమీ అడగలేదు. వస్తానన్న మనిషి గురించి కూడా అడగలేదు. పెట్టె కదిలింది. ఆదిమూలం బండి అక్కడే వదిలి వెంట నడిచాడు.

మట్టి వేయడం అయ్యాక, తడిసిన జనం సమాధుల మధ్య నుంచి ఒక్కొక్కరే బయటికి వస్తుంటే గుణశేఖర్ ఫోను చేశాడు.

"ఏసినావా?"

"ఏసినా సార్."

"ఎత్తకముందే గదా?"

ఆదిమూలం బురద అంటిన తన కాళ్లవంక చూసుకున్నాడు. "ముందే సార్."

"నేను పంపినానని చెప్పినావా? అమల ఏమనింది?"

"చెప్పినా. సార్ గుర్తుపెట్టుకున్నాడే అనింది."

అవతల కారు నడుస్తున్న చప్పుడు, అద్దాల మీద వాన చప్పుడు వినిపించాయి. "సరే. నేను తిరుపతికి పోతాండా. పొద్దున్నే ఢిల్లీ" అన్నాడు గుణశేఖర్. "ఏమన్నా ఉంటే చెప్పు."

"అట్లనే సార్."

పక్కన బోరింగు దగ్గర ఆడవాళ్లు కాళ్లు కడుక్కుంటున్నారు. వాళ్లది అయ్యేదాకా ఆదిమూలం వానలోనే నిలబడి, తర్వాత తనూ కడుక్కున్నాడు.