బ్యాంకు బాబు నెత్తిన పోసిన దుమ్ము

మా ఊరి బ్యాంకులో గుమస్తాగా పనిచేసి వెళ్ళిన బాబు చనిపోయాడని కిందటి వారం నరసన్నపేట సంతలో చేపల తట్ట దించుతుంటే తెలిసింది. పక్కన అమ్ముకునే మనిషి, “నీ నోటికి బయపడి డబ్బు కక్కినాడు సూడు, ఆ బాబేనే!” అని నవ్వింది. అప్పుడైనా కాదనాల్సింది. చేపల మీద నీళ్ళు చల్లుకుంటూ కూర్చున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

దుబాయిలో వెల్డింగు పని చేసే మా తమ్ముడు పడవ ఇంజనుకని డబ్బు పంపాడు. నెల దాటినా రాలేదు. పంపిన తట్ట ఇల్లు చేరలేదంటే దారిలో ఎవడో దించుకున్నట్టే కదా! బ్యాంకు ముందు, జనమంతా చూస్తుండగా, గుప్పెడు దుమ్మెత్తి ఆ బాబు నెత్తిన పోశాను. “దొంగా! నీ ఇల్లు పాడైపోనురా!” అని శపించాను.

అతను జుట్టు దులుపుకున్నాడు. అక్కని పిలిచినట్టు ‘అప్పా’ అనే పిలిచాడు. “డబ్బు నడిసి రాదప్పా. ఆ బ్యాంకు ఈ బ్యాంకుకి కంప్యూటర్లో కబురెడతాది. ఏ దేశమైనా ఆ కబురుకి అవే గళ్ళు. ఒక్క గడిలో తప్పు పడితే మరి కదల్దు. ఎక్కడాగిపోనాదో అడుగుతాను, కూసో” అన్నాడు.

పది రోజులు కబురు మీద కబురు పెట్టి అడిగాడు. తప్పు నాదే. పాత ఖాతా ఎప్పుడో మూసేశారు. కానీ ఆ పుస్తకం కలిసొచ్చిందని పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టుకున్నాను. ఫోనులో తమ్ముడికి అందులోని నంబరే పక్కింటి పిల్లాడి చేత చదివించాను. బాబే కొత్త ఖాతా నంబరు ఆ గడిలో వేయించి డబ్బు తెప్పించాడు.

నేను తిట్టబట్టే కక్కాడంది ఊరు. “గట్టి ఆడదానివే!” అంటుంటే కొంగు బిగించి నవ్వుకున్నాను. అతను మాత్రం ఎప్పటిలాగే “రా అప్పా” అని సిరాడబ్బా జరిపేవాడు. వేలిముద్ర వేశాక తుడుచుకోమని పాత కేలండరు ముక్క ఇచ్చేవాడు.

“నిజం నువ్వే సెప్పీయొచ్చు కదా బాబూ?” అన్నాను ఒకనాడు.

“నాను సెప్తే ఎవులు నమ్ముతారు? నీ నోటితోనే సెప్పాలప్పా.”

రేపు, రేపు అనుకున్నాను. ఈలోగా అతనికి బదిలీ అయిపోయింది.

అతను పోయిన పదో రోజున పాతపట్నంలో వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. అందరూ వినేలా అతని భార్యతో, “మీ ఆయన దొంగ కాదమ్మా” అన్నాను.

“నాకు తెల్దేటి? ఆ మాట మీ ఊర్లో సెప్పు” అందావిడ.

అంటూనే చాప మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. చేపల వాసన కొట్టే కొంగు ఒళ్ళోకి లాక్కుని ఆ అంచున కూర్చున్నాను.